నడుమ బడి మారిస్తే బీజగణితానికి ఎసరు

హైటెక్ సిటీ బడుల్లో తలా ఒక లెక్కల పుస్తకం – ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు చిక్కు

శేరిలింగంపల్లి: హైటెక్ సిటీ చుట్టూ ఉన్న మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, మియాపూర్ ప్రాంతాలలో ఏడో తరగతి చదివే ముగ్గురు పిల్లల సంచులు విప్పితే మూడు రకాల లెక్కల పుస్తకాలు బయటపడతాయి. ఒకటి రాష్ట్ర ప్రభుత్వం అచ్చువేసినది. రెండోది ఢిల్లీలోని ఎన్.సి.ఇ.ఆర్.టి. వారిది. మూడోది బడి యాజమాన్యం తానే అచ్చువేయించుకున్న 'ఐ.ఐ.టి. ఫౌండేషన్' పుస్తకం. ఇవి కాక కేంబ్రిడ్జి, ఐ.బి. పద్ధతి బడులు వేరే ఉన్నాయి. కూడిక, తీసివేత ఏ పుస్తకంలోనైనా ఒకటే. త్రిభుజంలో మూడు కోణాల మొత్తం ఎక్కడైనా 180 డిగ్రీలే. కాని బీజగణితం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్కొక్క పుస్తకం ఒక్కొక్క దారి పట్టింది. దాన్ని ఏ తరగతిలో మొదలుపెట్టాలి, దేనితో మొదలుపెట్టాలి అన్న రెండు విషయాల్లోనూ పొత్తు కుదరడం లేదు.

ఇది పట్నం వారి గొడవ అని జిల్లాలోని పల్లెలవారు అనుకోవడానికి వీలు లేదు. 1998 నవంబరులో నాటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించినప్పుడు మాదాపూర్, కొండాపూర్ కూడా పల్లెల పోలికతోనే ఉండేవి. ఆ తరువాత కట్టడాల పనికి, కాపలా పనికి, కార్లు నడపడానికి, వంటపనికి చేవెళ్ళ, షాబాద్, శంకర్‌పల్లి వైపు నుంచి, పాలమూరు నుంచి కుటుంబాలు వచ్చి చేరాయి. భూములు అమ్ముకున్నవారు పిల్లల చదువు కోసం అద్దె ఇళ్ళకు దిగారు. వచ్చినవారంతా ఇక్కడే ఉండిపోవడం లేదు. పని అయిపోతే ఒకరు, అద్దె కట్టలేక ఒకరు, ఫీజు పెరిగి ఒకరు, ఇంటిదగ్గర ముసలివారిని చూసుకోవడానికి ఒకరు ఊరికి తిరుగుముఖం పడుతున్నారు. పిల్లలూ వారి వెంటే. ఈ రాకపోకల్లో ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు ఒక బోర్డు నుంచి మరో బోర్డుకు మారుతున్నారు. నాలుగో తరగతిలో మారిన పిల్లవాడు రెండు నెలల్లో సర్దుకుంటాడు. ఏడో తరగతిలో మారినవాడికి లెక్కల్లో తగిలే దెబ్బ పదో తరగతి దాకా సలుపుతుంది.

ఆరులో ఉందా, లేదా?

రాష్ట్ర సిలబస్ సంగతి ముందు చూద్దాం. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో కొత్త పాఠ్యప్రణాళిక తయారయింది. దాని ప్రకారం ఆరు, ఏడు తరగతుల లెక్కల పుస్తకాలు 2012లో, ఎనిమిది, తొమ్మిది తరగతులవి 2013లో వచ్చాయి. 2014లో తెలంగాణ ఏర్పడిన తరువాత కూడా ఈ పుస్తకాలే కొనసాగాయి. వీటిలో ఆరో తరగతిలోనే 'బీజగణిత పరిచయం' అనే పాఠం ఉన్నది. అగ్గిపుల్లలతో ఆకారాలు పేర్చి, ఎన్ని ఆకారాలకు ఎన్ని పుల్లలు కావాలో లెక్కకట్టించి, అక్కడి నుంచి అక్షరంలోకి తీసుకుపోతారు. ఏడో తరగతిలో మూడో పాఠమే 'సామాన్య సమీకరణాలు'. పదో పాఠం 'బీజీయ సమాసాలు'. ఎనిమిదిలో రెండో పాఠంగా సమీకరణాలు మళ్ళీ వస్తాయి. చివరి పాఠాల్లో సర్వసమీకరణాలు, కారణాంక విభజన.

సి.బి.ఎస్.ఇ. బడుల్లో పద్ధతి ఈ మధ్యనే మారింది. అక్కడ 2006 నాటి ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకంలోనూ ఆరో తరగతిలో అగ్గిపుల్లల పాఠం ఉండేది. 2020 జాతీయ విద్యావిధానం, దాన్ని అనుసరించి 2023లో వచ్చిన పాఠ్యప్రణాళిక చట్రం తరువాత 'గణిత ప్రకాశ్' పేరిట కొత్త పుస్తకాలు తెచ్చారు. 2024లో ఆరో తరగతిది, 2025లో ఏడు, ఎనిమిది తరగతులవి వచ్చాయి. కొత్త ఆరో తరగతి పుస్తకంలో బీజగణితానికి విడిగా పాఠం లేదు. సంఖ్యల వరుసలు, వాటిలోని పోలికలు, సున్నకు అవతలి సంఖ్యలు ఉన్నాయి గాని అక్షరంతో లెక్క లేదు. ఏడో తరగతి మొదటి భాగంలో ముందుగా అంకెలతోనే సమాసాలు, కుండలీకరణాలు నేర్పి, ఆ తరువాత 'అక్షర సంఖ్యలు' పరిచయం చేస్తారు. తెలియని విలువ కనుక్కునే పాఠం రెండో భాగంలో చిట్టచివర ఉన్నది.

చివరకు తేలేదేమంటే, ఒక పుస్తకంలో వానకాలంలో వచ్చే పాఠం మరో పుస్తకంలో ఎండాకాలం దగ్గర పడ్డాక వస్తుంది. ఇందులో ఏది మంచిది అని వాదించడం వృథా. నెమ్మదిగా మొదలుపెట్టడంలో లాభం ఉంది. ముందుగా మొదలుపెట్టి మూడేళ్ళు నానబెట్టడంలోనూ లాభం ఉంది. చిక్కంతా రెండు పడవల మధ్య కాలు పెట్టిన పిల్లవాడిది.

గచ్చిబౌలిలో సి.బి.ఎస్.ఇ. బడిలో ఆరో తరగతి పూర్తిచేసిన పిల్ల, తండ్రి పని పోయి, జూన్‌లో ఊళ్ళోని జిల్లా పరిషత్ హైస్కూలులో ఏడులో చేరిందనుకుందాం. బడి తెరిచిన రెండు నెలలకే బోర్డు మీద సమీకరణం ప్రత్యక్షమవుతుంది. తక్కిన పిల్లలు ఆరులో అగ్గిపుల్లలు పేర్చి వచ్చినవారు. ఈ పిల్లకు 'ఎక్స్' అంటే ఏమిటో ఎవరూ చెప్పి ఉండరు. అది ఆ పిల్ల తప్పు కాదు, వెనకటి బడి తప్పూ కాదు. ఆ పుస్తకంలో దాని వంతు ఇంకా రాలేదు, అంతే. కాని తరగతిలో మాత్రం 'పట్నం బడిలో చదివి వచ్చింది, ఇదీ రాదు' అన్న మాట పడుతుంది. అటు నుంచి ఇటు సంగతి ఇలా ఉంటే, ఇటు నుంచి అటు వెళ్ళిన పిల్లవాడికి అక్షరం తెలుసు గాని, అక్కడ ముందుగా అడిగే కుండలీకరణాల లెక్కల్లో తడబడతాడు. వచ్చిన పాఠమే మళ్ళీ వచ్చిందని అశ్రద్ధ చేసి చెడేవారూ ఉన్నారు.

సంచిలో మరో పుస్తకం

సైబరాబాద్ కారిడార్‌లో వీధికొకటిగా వెలసిన బడుల్లో మూడో రకం పుస్తకానిదే ఎక్కువ హడావుడి. పేరుకు స్టేట్ సిలబస్. పదో తరగతిలో రాయవలసినదీ ఎస్.ఎస్.సి. పరీక్షే. కాని ఆరో తరగతి నుంచే 'ఫౌండేషన్' పేరిట వేరే పుస్తకం, వేరే పీరియడు, వేరే ఫీజు. ఎనిమిదో తరగతిలో రావలసిన సర్వసమీకరణాలను కొన్నిచోట్ల ఆరు, ఏడు తరగతుల్లోనే వల్లె వేయిస్తున్నారు. తండ్రి ముందు పిల్లవాడు సూత్రం గడగడా అప్పజెప్పితే ఆయన మురిసిపోతాడు. చదువు ముందుకు పరుగెత్తుతున్నట్టే కనబడుతుంది.

ఆ పిల్లవాడినే మూడూ నాలుగూ కలిపి వర్గం చేయమంటే 49 అంటాడు. మూడు వర్గం 9, నాలుగు వర్గం 16, రెండూ కలిపితే 25 అనీ అంటాడు. 49 ఎక్కడ, 25 ఎక్కడ, మధ్యలోని 24 ఏమైంది అంటే నీళ్ళు నములుతాడు. సూత్రంలోని 'రెండు ఎ బి' అంటే ఈ 24 అని అతనికి ఎవరూ చూపలేదు. పొలం ఉన్నవారికి ఇది ఇట్టే తెలుస్తుంది. పొడవూ వెడల్పూ ఏడేసి గజాలున్న చతురస్రపు మడిని, రెండు వైపులా మూడూ నాలుగూ గజాల దగ్గర గట్టు వేసి చీలిస్తే నాలుగు ముక్కలవుతాయి. మూడు గజాల చతురస్రం ఒకటి, నాలుగు గజాల చతురస్రం ఒకటి, మూడు నాలుగుల పొడవు ముక్కలు రెండు. ఆ రెండు ముక్కల వైశాల్యమే 24. సూత్రం వల్లించినవాడు ఈ రెండు ముక్కలను మరిచిపోతాడు. మడి చూసినవాడు మరవడు.

ఐ.ఐ.టి. ప్రవేశ పరీక్షకు కావలసినవి ఇంటర్మీడియట్ పాఠాలు. ఆరో తరగతిలో ఆ పేరు పెట్టుకున్నంత మాత్రాన పిల్లవాడు ఐదేళ్ళు ముందుకు పోడు. ఈ శేరిలింగంపల్లి మండలంలోనే ఉన్న గౌలిదొడ్డి సాంఘిక సంక్షేమ గురుకులం నుంచి పేద పిల్లలు ఐ.ఐ.టి.ల్లో సీట్లు సంపాదించారు. వారు చదివింది రాష్ట్ర పుస్తకాలే. గురుకులంలో పట్టుదల వేరు, పర్యవేక్షణ వేరు అన్నది నిజమే. అయినా పుస్తకం అడ్డు కాలేదన్నది కూడా నిజమే కదా.

గట్ల లెక్క

అసలు బీజగణితం అంటే ఏమిటి? చాలామంది తల్లిదండ్రులకు అది అంకెల బదులు అక్షరాలు రాసే కష్టమైన విద్య. ఒక ఉదాహరణ చూస్తే ఆ భయం పోతుంది. ఒకే వరుసలో మడులు కట్టాలి. గట్టు అనండి, ఒడ్డు అనండి, మొదటి మడికి నాలుగు వైపులా నాలుగు కావాలి. పక్కన రెండో మడికి మూడు చాలు, ఒకటి ఉమ్మడి గట్టు. రెండు మడులకు 7, మూడు మడులకు 10, నాలుగింటికి 13. ఇరవై మడులకు ఎన్ని? ఒక్కొక్కటీ గీసి లెక్కపెట్టడం ఒక పద్ధతి. మడికి మూడు చొప్పున, మొదట్లో ఒకటి అదనం అని గ్రహించి 61 అని చెప్పడం రెండో పద్ధతి. ఎన్ని మడులైనా సరే, ఆ సంఖ్యను 'ఎన్' అనుకుంటే గట్లు '3 ఎన్ + 1'. బీజగణితం అంటే ఇదే. పిల్లవాడు రెండో పద్ధతి తానుగా కనుక్కున్నాక అక్షరం ఇస్తే అది అతనికి పనిముట్టు అవుతుంది. కనుక్కోక ముందే ఇస్తే బరువు అవుతుంది.

సమీకరణం సంగతీ అంతే. అది తక్కెడ. రెండు తట్టలూ సమంగా ఉన్నప్పుడు ఒక తట్టలోంచి అరకిలో తీస్తే రెండో తట్టలోంచీ అరకిలో తీయాలి. సంతలో చింతపండు తూచినవారికి ఈ మాట చెప్పనక్కరలేదు. తూకం వేసేముందు పాసంగం చూసుకునే ఊళ్ళో పిల్లలకు సమీకరణం నేర్పడం కష్టం కాకూడదు. అయితే చాలా బడుల్లో తక్కెడ జోలికి పోకుండా 'ఇటున్నది అటు పోతే గుర్తు మారుతుంది' అన్న ఒక్క ముక్క చెప్పి వదిలేస్తున్నారు. ఎందుకు మారుతుందో తెలియని పిల్లవాడు గుణకారంలో ఉన్నదాన్ని కూడా గుర్తు మార్చి అవతలకు తోసేస్తాడు. '3 ఎక్స్ = 12' అంటే ఎక్స్ విలువ 9 అని రాసేవారు ఇలా తయారైనవారే.

మరో దురలవాటు ఉన్నది. 'ఎ అంటే ఆపిల్, బి అంటే బనానా, మూడు ఆపిల్స్ రెండు బనానాలు కలవవు' అని చెప్పి '3 ఎ + 2 బి' పాఠం దాటించడం. చెప్పడానికి తేలిక, వినడానికి బాగు. కాని అక్షరం పండు కాదు, సంఖ్య. ఈ పొరపాటు ఎంత దూరం వెంటాడుతుందో 1980ల మొదట్లో అమెరికాలో జరిగిన ఒక పరిశీలన తేల్చింది. ఒక విశ్వవిద్యాలయంలో అధ్యాపకులకంటే విద్యార్థులు ఆరింతలు ఉన్నారు, దీన్ని సమీకరణంగా రాయండి అని ఇంజనీరింగు చదువుతున్నవారిని అడిగితే మూడోవంతుకు పైగా తప్పు రాశారు. విద్యార్థుల అక్షరం పక్కన ఆరు పెట్టడమే ఆ తప్పు. పిల్లలకు మన భాషలో చెప్పాలంటే, మేకలు గొర్రెలకు ఆరింతలు అన్నప్పుడు ఆరును గొర్రెల సంఖ్యకు కట్టాలి, మేకల సంఖ్యకు కాదు. అక్షరాన్ని జంతువుగా చూస్తే తప్పుతుంది, సంఖ్యగా చూస్తే తప్పదు.

మన దేశంలో ఈ విద్య కొత్తది కాదన్నది ఇక్కడ గుర్తు చేసుకోదగినది. 12వ శతాబ్దిలో భాస్కరాచార్యుడు బీజగణితం పేరుతోనే గ్రంథం రాశాడు. తెలియని రాశులకు నలుపు, నీలం, పసుపు అంటూ రంగుల పేర్లు వాడేవారు. నేటి ఎక్స్, వై చేసే పనే అప్పుడు రంగులు చేసేవి.

ఇంగ్లీషులో తిరగబడే వాక్యం

పుస్తకంతో పాటు భాష కూడా మారడం పల్లె పిల్లలకు రెండో దెబ్బ. 2022–23 నుంచి రాష్ట్ర ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టారు. ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషుగా ద్విభాషా పుస్తకాలు ఇచ్చారు. ఇది మంచి ఏర్పాటే. లెక్కల్లో మాత్రం ఒక సూక్ష్మం ఉంది. 'ఒక సంఖ్య కంటే 5 తక్కువ' అని తెలుగులో చదివిన పిల్లవాడు ఆ వరుసలోనే 'ఎక్స్ – 5' అని రాస్తాడు. ముందు సంఖ్య, తరువాత ఐదు, తరువాత తక్కువ. అదే మాట ఇంగ్లీషులో 'ఫైవ్ లెస్ దేన్ ఎ నంబర్'. ఐదు ముందుకు వచ్చింది. వరుసగా రాసుకుంటూ పోతే '5 – ఎక్స్' అవుతుంది, అది తప్పు. 'ఒక సంఖ్యకు రెట్టింపు కంటే 3 ఎక్కువ' అన్నదీ ఇంతే.

కాబట్టి తెలుగు పేజీ ముందు చదివి, అర్థం చేసుకుని, తరువాత ఇంగ్లీషు పేజీ చూసే పిల్లవాడు నష్టపోడు. కారిడార్‌లోని ప్రైవేటు బడుల్లో ఆ రెండో పేజీ లేదు. ఇంట్లో అమ్మానాన్నలు చెప్పగలిగింది తెలుగే. చరరాశి, స్థిరరాశి అన్న మాటలు కష్టమని కొందరు అంటారు గాని 'మారే రాశి', 'మారని రాశి' అని విడదీసి చెబితే అందులో అర్థం కాకపోవడానికి ఏముంది? 'వేరియబుల్' అన్న మాటను పల్లె పిల్లవాడు అలా విడదీసుకోలేడు.

అక్కడా ఇదే తగువు

అమెరికాలో పిల్లలున్న కుటుంబాలు జిల్లాలో ఇప్పుడు తక్కువేమీ కాదు. అక్కడా బీజగణితం ఎప్పుడు మొదలుపెట్టాలన్న తగువు ఉన్నది. కాలిఫోర్నియాలోని శాన్‌ఫ్రాన్సిస్కో బడుల్లో 2014లో ఎనిమిదో తరగతి బీజగణితాన్ని తీసివేసి తొమ్మిదికి జరిపారు. వెనకబడిన పిల్లలను ముందే విడదీయకుండా అందరినీ ఒకే బండిలో తీసుకుపోవాలన్నది వారి ఉద్దేశం. ఉన్నవారు బయట ట్యూషన్లు చెప్పించుకుని ముందుకు పోయారు, లేనివారు ఆగిపోయారు అని తల్లిదండ్రులు గోల చేశారు. 2024 ఫిబ్రవరిలో బడుల పాలకమండలి మళ్ళీ ఎనిమిదిలోకి తేవాలని తీర్మానించింది. మార్చిలో నగర ప్రజలు కూడా అత్యధిక ఓట్లతో అదే కోరారు.

ఎప్పుడు అన్నదానికంటే ఎలా అన్నదే ముఖ్యమని తేల్చిన పరిశోధన ఒకటి ఉన్నది. డెలవేర్ విశ్వవిద్యాలయానికి చెందిన జిన్‌ఫా కై బృందం అక్కడి ఒక నగరంలోని బడుల్లో ఆరో తరగతి నుంచి ఎనిమిది దాకా పిల్లలను మూడేళ్ళు వెన్నంటి చూసి, 2011లో ఫలితాలు ప్రచురించింది. కొన్ని బడుల్లో నిత్యజీవితపు లెక్కలతో, ఒకటి మారితే మరొకటి ఎలా మారుతుందో చూపుతూ బీజగణితం చెప్పే పుస్తకం. మిగతా బడుల్లో నియమాలు, సూత్రాలు ముందు చెప్పే మామూలు పుస్తకాలు. మొదటి రకం పిల్లలు భావం గ్రహించడంలో, కొత్త లెక్కను ఎదుర్కోవడంలో ఎక్కువ ముందుకు వెళ్ళారు. సమీకరణాలు సాధించడంలో మాత్రం రెండో రకం పిల్లలకు ఏమీ తీసిపోలేదు. అంటే అర్థం చెప్పడానికి పట్టిన కాలం వృథా కాలేదన్నమాట. మన రాష్ట్ర పుస్తకంలోని అగ్గిపుల్లల పాఠం ఈ మొదటి దారిలోనిదే. కొత్త ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకమూ ఆ దారిలోనే ఉంది. 'ఫౌండేషన్' పుస్తకాలు చాలావరకు రెండో దారి. ఎక్కువ డబ్బు పెట్టి ఏది కొంటున్నారో తల్లిదండ్రులే చూసుకోవాలి.

పుస్తకం మంచిదైనంత మాత్రాన పాఠం మంచిదవుతుందనీ చెప్పలేం. అగ్గిపుల్లల పాఠాన్ని పుల్లలు ముట్టకుండా, జవాబులు బోర్డు మీద రాసి కాపీ చేయించే బడులు ప్రభుత్వంలోనూ ఉన్నాయి. ఒక్క లెక్కల మాస్టారు ఆరు నుంచి పది దాకా చూడవలసిన చోట పదో తరగతికే పెద్దపీట పడుతుంది. ఆరో తరగతి పీరియడు ఎగిరిపోయినా అడిగేవారుండరు. 2021 నవంబరు 12న దేశమంతటా జరిగిన జాతీయ సాధన సర్వేలో లెక్కల సగటు 500కు మూడో తరగతిలో 306, ఐదులో 284, ఎనిమిదిలో 255గా తేలింది. ప్రభుత్వ బడులూ ప్రైవేటు బడులూ అన్నీ కలిపిన లెక్క ఇది. ఐదు నుంచి ఎనిమిదికి మధ్య ఏం జరుగుతున్నదో వేరే చెప్పనక్కరలేదు. అది కరోనా తరువాతి సర్వే అన్న మాట కూడా మరువరాదు. 2020 సెప్టెంబరు నుంచి మన పిల్లలు టి.వి. ముందు కూర్చుని పాఠాలు విన్నారు. ఆ ఏడు ఆరో తరగతిలో ఉన్నవారికి అక్షరం తొలిసారి పరిచయమైంది టి.వి.లోనే.

బోర్డు మార్చి చూసిన పొరుగు రాష్ట్రం

బడులకు బడులనే ఒక బోర్డు నుంచి మరో బోర్డుకు మార్చితే ఏమవుతుందో ఆంధ్రప్రదేశ్‌లో చూశారు. 2022–23లో అక్కడ వెయ్యి ప్రభుత్వ బడులను సి.బి.ఎస్.ఇ. కిందికి తెచ్చారు. అప్పుడు ఎనిమిదో తరగతిలో ఉన్నవారు 2025లో సి.బి.ఎస్.ఇ. పదో తరగతి పరీక్ష రాయవలసిన తొలి జట్టు. 2024లో ప్రభుత్వం మారింది. పిల్లలు ఆ పరీక్షకు సిద్ధంగా లేరని చెప్పి, ఆ బడుల పదో తరగతిని మళ్ళీ రాష్ట్ర బోర్డు పరీక్షకే మళ్ళించారు. మూడేళ్ళలో రెండు మార్పులు. పార్టీల వాదాలు ఎలా ఉన్నా, మధ్యలో నలిగింది ఆ ఎనిమిదో తరగతి పిల్లలు. ఇక్కడ కారిడార్‌లో ఒక్కొక్క కుటుంబం తన ఇంట్లో చేస్తున్నదీ ఇదే ప్రయోగం. అక్కడ ప్రభుత్వం చేసింది కనుక పత్రికల్లోకి ఎక్కింది.

చేర్చేముందు అడగవలసినవి

బడి మార్చడం తప్పనిసరి అయితే ఏం చేయాలి? అన్నింటికంటే ముందు, కుదిరితే ఐదు పూర్తయ్యాక మార్చడం, లేదా ఎనిమిది పూర్తయ్యేదాకా ఆగడం మేలు. ఆరుకూ ఎనిమిదికీ మధ్య మార్పు అన్నింటికంటే ఖరీదైనది. గురుకులాల్లో ప్రవేశం ఐదో తరగతిలో ఉండడం ఈ రకంగా కలిసివచ్చింది.

మధ్యలోనే మార్చవలసివస్తే పాత లెక్కల పుస్తకాన్ని పాత కాగితాల కొట్టుకు వేయకూడదు. దాన్ని వెంట తెచ్చి కొత్త బడి లెక్కల మాస్టారికి చూపాలి. ఏ పాఠం దాకా అయింది, ఏది కాలేదు అని ఆయన పది నిమిషాల్లో చెప్పగలరు. మార్కుల కాగితం ఈ సంగతి చెప్పదు. లెక్కల్లో 90 వచ్చినా ఆ 90లో బీజగణితం ఒక్క మార్కుకైనా ఉందో లేదో కాగితం మీద ఉండదు. రాష్ట్ర బడికి వచ్చే పిల్లలకు ఆరో తరగతి 'బీజగణిత పరిచయం' పాఠం ఒక్కటి వేసవిలో చదివిస్తే ఏడులో సగం బాధ తప్పుతుంది. ఊళ్ళో ఏడో తరగతికి వెళుతున్న ఏ పిల్లవాడి దగ్గరైనా ఆ పాత పుస్తకం దొరుకుతుంది. రాష్ట్ర బడి నుంచి సి.బి.ఎస్.ఇ.కి వెళ్ళేవారు ఏడో తరగతి 'గణిత ప్రకాశ్' మొదటి భాగంలోని అంకెల సమాసాల పాఠం ముందుగా చేసుకుని పోవాలి. ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇంట్లో సెల్‌ఫోన్ ఉంటే చాలు.

ప్రైవేటు బడిలో చేర్చేవారు గేటు దగ్గరి బోర్డు చూసి ఆగిపోకుండా, ఆరో తరగతి లెక్కల పుస్తకం ఏదో తెప్పించుకుని చూడాలి. రెండు పుస్తకాలుంటే పీరియడ్లు దేనికెన్ని అని అడగాలి. మొదటి బీజగణిత పాఠం తెరిచి, అది లెక్కతో మొదలవుతున్నదా, సూత్రంతో మొదలవుతున్నదా చూడాలి. ఇందుకు ఇంగ్లీషు రానక్కరలేదు. సూత్రాలకు చుట్టూ గీత గీసి పెట్టెలా అచ్చువేస్తారు, కంటికే కనబడుతుంది. మొదటి పేజీలోనే ఆ పెట్టెలు వరుసగా ఉంటే అది ఏ రకం పుస్తకమో తెలిసిపోతుంది.

ఇక మండల విద్యాధికారులు చేయగలిగినది ఒకటి ఉంది. ప్రతి ఏటా జూన్‌లో బడిబాట పేరిట ఇల్లిల్లూ తిరిగి పిల్లలను చేర్చుకుంటున్నారు. ఆ చేరికల్లో ఏడు, ఎనిమిది తరగతులకు వేరే బోర్డు నుంచి వచ్చినవారి పేర్లు విడిగా రాసి, వారికి మొదటి నెలలో సాయంత్రం అరగంట చొప్పున ఆరో తరగతి పాఠం చెప్పించవచ్చు. దీనికి కొత్త పోస్టు అక్కరలేదు, కొత్త పుస్తకం అక్కరలేదు. రెండు అగ్గిపెట్టెలు చాలు.